ఆ బండిలో ఉన్నాడులే



మరో వారంలో సంక్రాంతి సెలవులు. హైదరాబాదు నుండి విజయవాడ వచ్చే జాతీయ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర బండ్లు బారులు తీరే రోజులు. ఇప్పుడు దాని నంబరు 65 గాని, మా వయసు వారి నోట ఇంకా అది 9వ నంబరు రోడ్డే. ఈ రోజుల్లో ఆ రోడ్డు మీద వచ్చే ప్రతి కారులోనూ ఇంచుమించు ఒకటే దృశ్యం. డిక్కీలో సంచులు, వెనక సీట్లో పసిపిల్లలు, తల్లి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. ఆ కవరు ఎందుకో పిల్లలున్న వారికి చెప్పనక్కరలేదు. ఇల్లు కదిలి అరగంట కాకముందే "ఇంకా ఎంత దూరం?" అని మొదలవుతుంది. చౌటుప్పల్లో ఆకలంటారు, చిట్యాలలో దాహమంటారు, నార్కెట్‌పల్లిలో ఇంకేదో అంటారు. తీరా బండి ఆపితే ఏమీ వద్దంటారు. తండ్రికి కోపం వస్తుంది. తల్లి మీద విసుక్కుంటాడు. తల్లి పిల్లల మీద విసుక్కుంటుంది. అమ్మమ్మగారి ఊరు చేరేసరికి ఆ బండిలో ఎవరి ముఖమూ ఇంకొకరు చూడరు.

ఈ ప్రయాణం గురించే ఈ వారం నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దానికి పాపసంకీర్తనం ఎప్పుడో చేశాను గాని, మీతో చెప్పలేదు. ఈ సెలవుల్లో బండి ఎక్కబోయే వారికి పనికొస్తుందేమోనని ఇప్పుడు చెబుతున్నాను.

2024 డిసెంబరు 26, గురువారం. పునీత స్తెఫాను గారి పండుగ. అప్పుడు నేను హైదరాబాదు శివారులో ఒక విచారణలో ఉన్నాను. క్రిస్మస్ రాత్రి పూజ, పగటి పూజ ముగించుకొని, రెండు రోజులు సెలవు తీసుకొని అమ్మ దగ్గరకు బయలుదేరాను. గుంటూరు దాటిన తరువాత మా ఊరు. నాన్న పోయిన నాటి నుండి అమ్మ అక్కడ ఒక్కతే ఉంటోంది. మా తమ్ముడు, చెల్లెలు ఇద్దరూ హైదరాబాదులోనే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. చాలా ఏళ్ళ తరువాత ముగ్గురం కలిసి వెళుతున్నాం. రెండు కార్లు. తమ్ముడి బండిలో తమ్ముడు, మరదలు, వాళ్ళ తొమ్మిదేళ్ళ అబ్బాయి, అయిదేళ్ళ పాప, నేను. చెల్లెలి బండిలో చెల్లెలు, బావగారు, వాళ్ళ ఆరేళ్ళ పిల్లవాడు, ఏడాది నిండిన చంటిది. మొత్తం తొమ్మిదిమంది.

పిల్లలున్న చోట రెండు బండ్లుంటే ఏమవుతుందో మీకు తెలుసు. మొదటిసారి ఆపినప్పుడే మా మేనల్లుడు "నేను ఫాదర్ మామయ్య బండిలో వస్తా" అని దిగాడు. రెండోసారి ఆపినప్పుడు పాప "నేను అత్తయ్య బండిలో పోతా" అని అటు వెళ్ళి, పది నిమిషాలకే వాంతి చేసుకుని మళ్ళీ ఇటు వచ్చింది. మా మరదలు "వీళ్ళు బండ్లు మారుతున్నారా, కూరగాయలు మారుతున్నారా" అని నవ్వింది. అందరం నవ్వాం.

సూర్యాపేట దాటిన తరువాత రోడ్డు పక్క ఒక హోటలు దగ్గర టిఫిను కోసం ఆగాం. పండుగ రద్దీ. కూర్చునే చోటు లేదు. తినడం అయ్యేసరికి అనుకున్నదానికన్నా గంట ఆలస్యమైంది. సాయంత్రం ఆరుగంటల పూజ నేను చేస్తానని మా ఊరి విచారణ గురువులకు మాట ఇచ్చి ఉన్నాను. చేతులు చరుస్తూ "ఎక్కండి, ఎక్కండి, ఆలస్యమైపోతోంది" అని అందరినీ తొందరపెట్టింది నేనే. రెండు బండ్ల తలుపులూ పడ్డాయి. బయలుదేరాం.

రోడ్డెక్కగానే జపమాల మొదలుపెట్టాం. గురువారం గనుక వెలుగు దేవరహస్యాలు. 2002లో పునీత రెండవ జాన్‌పాల్ పోపుగారు జపమాలకు చేర్చిన దేవరహస్యాలివి. తొమ్మిదేళ్ళవాడు ఒక పదిమణులు చెప్పాడు, పాప సగంలో నిద్రపోయింది. జపమాల ముగిసి కోదాడ దగ్గరకు వస్తుండగా చెల్లెలు ఫోను చేసింది.

"ఫాదర్ గారూ, ఎక్కడైనా కాస్త ఆపండి. వాడికి దగ్గు మందు పోయాలి."

"ఎవరికి?" అన్నాను.

"ఎవరికేంటి, మావాడికి. మీ బండిలోనే ఉన్నాడుగా."

నేను వెనక్కి తిరిగి చూశాను.

ప్రియులారా, ఆ క్షణాన్ని నేను వర్ణించలేను. యాభై మంగళవార్త జపాలు చెప్పుకున్నాం. ఆ యాభై జపాలు చెబుతున్నంతసేపూ బండిలో ఒక పిల్లవాడు లేడు. ఒక్కరికీ తెలియలేదు. మేము వాడు వాళ్ళమ్మ దగ్గర ఉన్నాడనుకున్నాం. వాళ్ళమ్మ వాడు నా పక్కన ఉన్నాడనుకుంది. ఫాదర్ మామయ్య పక్కన ఉన్నవాడికి భయమేమిటని నిశ్చింతగా ఉంది.

తమ్ముడి కుటుంబాన్ని కోదాడలో రోడ్డు పక్కన ఆపి, నేను చెల్లెలి బండిలోకి మారాను. నాలుగు వరుసల రోడ్డు మీద వెనక్కి తిరగాలన్నా సందు దొరికేదాకా ముందుకే పోవాలి. హోటలు దగ్గర్నుంచి సుమారు 30 కిలోమీటర్లు వచ్చేశాం. బిల్లు మీది నంబరుకు ఫోను చేస్తే మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది. తమ్ముడు అక్కడి నుండి పోలీసులకు 112కు చేశాడు. బావగారు బండిని ఎంత వేగంగా నడుపుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది. ఒళ్ళో చంటిబిడ్డ ఉన్నది. నెమ్మదిగా నడపండి అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. రోడ్డు మీద వేగంతో తమ ప్రాణాన్నీ ఇతరుల ప్రాణాన్నీ అపాయంలో పెట్టేవారిది ఘోరమైన దోషమని సత్యోపదేశ గ్రంథం 2290వ పేరాలో చెబుతోంది. అది చదివి నలుగురికీ చెప్పినవాణ్ణే. ఆ రోజు నా నోరు పెగల్లేదు. చెల్లెలు ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలో జపమాల ఉంది గాని పెదవులు కదలడం లేదు.

వాడు దొరికాడు. ముందే చెప్పేస్తున్నాను, చదివే తల్లుల గుండెలు కుదుటపడాలని. హోటలులో పరోటాలు చేసే మాస్టరు పిండి ముద్దను గాలిలోకి ఎగరేసి పలచగా చేస్తుంటాడు చూడండి, మావాడు అది చూస్తూ ఆ పొయ్యి వెనక్కి వెళ్ళి నిలబడిపోయాడట. చూసి చూసి తిరిగేసరికి మేము లేము. ఏడవబోయాడట. అక్కడ గ్లాసులు కడిగే ఒక పెద్దావిడ వాణ్ణి చూసింది. తెచ్చి గల్లా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. బిస్కెట్ ప్యాకెట్టు కొనిచ్చింది. ఎవరో ఒకాయన "మా బండిలో తీసుకుపోయి ముందు ఊళ్ళో దించుతాం" అన్నాడట. మంచి మనసుతోనే అన్నాడేమో మనకు తెలియదు. ఆవిడ ససేమిరా అన్నది. "తల్లి ఇక్కడికే వస్తది. ఈ పిల్లగాడు ఈడ్నుంచి కదలడు" అని చెప్పి, గ్లాసులు కడిగే తొట్టిని గల్లా దగ్గరకు జరుపుకొని అక్కడే కూర్చుని కడుగుతోంది. మేము లోపలికి పరుగెత్తేసరికి మేము చూసింది అదీ.

చెల్లెలు వాణ్ణి పట్టుకుని ఏడుస్తూ "ఎక్కడికి పోయావురా?" అని అడిగింది. వాడు తెల్లబోయి చూశాడు.

"నేనెక్కడికీ పోలేదమ్మా. మీరే పోయారు."

ఆ ఆదివారం, అంటే డిసెంబరు 29, తిరుకుటుంబ పండుగ. ఆ సంవత్సరం ఆ పండుగకు చదవవలసిన సువిశేషం ఏమిటో గురువులందరికీ తెలుసు. పన్నెండేళ్ళ బాలయేసు యెరూషలేము దేవాలయంలో తప్పిపోయిన ఘట్టం, లూకా రెండవ అధ్యాయం. ఆదివారం చెప్పవలసిన ప్రసంగాన్ని నేను క్రిస్మస్‌కు ముందే రాసి పెట్టుకున్నాను. ఆ కాగితాలు అప్పుడు డిక్కీలో, నా సంచిలో ఉన్నాయి. అందులో మొదటి అంశం, తల్లిదండ్రులు పిల్లల విషయంలో జాగ్రత్త వహించాలి అని. ఎంత తేలికగా రాశానో!

ఆ ఘట్టాన్ని ఇప్పుడు నాతోపాటు ఇంకొకసారి చదవండి. నజరేతు నుండి యెరూషలేముకు నూరు కిలోమీటర్లకు పైన దారి. కాలినడకన మూడు నాలుగు రోజుల ప్రయాణం. పాస్క పండుగకు బంధువులు, ఇరుగుపొరుగులు కలిసి గుంపుగా నడిచేవారు. కీర్తనల గ్రంథంలో 120 నుండి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలూ యాత్రికుల కీర్తనలని పేరు. కొండ ఎక్కుతూ పాడుకున్నవని చెబుతారు. ఆ గుంపులోనూ పసిపిల్లలు ఉండి ఉంటారు. వాళ్ళూ ఇంకా ఎంత దూరమని అడిగే ఉంటారు. మరియతల్లీ, యోసేపుగారూ అజాగ్రత్తగల తల్లిదండ్రులని ఎవరైనా అనగలరా? ఏటేటా పండుగకు వెళ్ళేవారు వారు. తిరుగు ప్రయాణంలో ఒక రోజంతా నడిచిన తరువాత గాని బాలుడు తమతో లేడని వారికి తెలియలేదు. కారణం లూకాగారు స్పష్టంగానే రాశారు. బిడ్డ గుంపులో ఎవరో ఒకరితో ఉన్నాడని వారు అనుకున్నారు. స్త్రీలు ఒక గుంపుగా, పురుషులు ఒక గుంపుగా నడిచేవారనీ, పిల్లలు ఎటైనా ఉండవచ్చు గనుక ఇద్దరూ పొరబడ్డారనీ పూర్వపు వ్యాఖ్యాతలు కొందరు చెప్పారు. ఆ మాట సువిశేషంలో లేదు. కాని రెండు బండ్లలో ప్రయాణం చేసినవాడిగా నాకది నమ్మదగినదిగానే తోస్తోంది.

ఆ గుంపుకు లూకాగారు వాడిన గ్రీకు మాట సినోదియా. కలిసి నడిచేవారి గుంపు అని దాని అర్థం. నూతన నిబంధనలో ఆ మాట అక్కడ ఒక్కచోటే వస్తుంది. 2021లో ఆరంభమై 2024 అక్టోబరులో ముగిసిన సినడ్ గురించి మన విచారణలలో ఎన్ని కూటాలు పెట్టుకున్నామో గుర్తుందా? సినడ్ అన్న మాటకూ ఆ మాటకూ మూలం ఒకటే, కలిసి నడిచే దారి. కలిసి నడవడం గురించి నేనూ ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాను. సువిశేషంలో ఆ మాట వచ్చిన ఒకే ఒక్క చోట, కలిసి నడిచేవారి మధ్యనుండి ఒక బిడ్డ జారిపోయాడు. ఎవరూ చెడ్డవారు కారు. అందరూ ప్రార్థనాపరులే. ఎవరికి వారు పక్కవారి దగ్గర ఉన్నాడులే అనుకున్నారు, అంతే.

ఇంకొక సంగతి ఎన్నాళ్ళుగానో చదువుతున్నా ఆ రోజుదాకా నాకు తట్టలేదు. మూడు రోజుల తరువాత బాలుడు దొరికాడని లూకాగారు రాశారు. ఆ మూడు రోజులూ ఆ బాలుడికి అన్నం పెట్టినదెవరు? రాత్రి పడుకోవడానికి చాప వేసినదెవరు? పండుగ ముగిసి ఖాళీ అవుతున్న నగరంలో, తల్లిదండ్రులు కనిపించని ఒక పల్లెటూరి పిల్లవాణ్ణి, బహుశా పాత్రలు కడిగే ఒక పేదరాలే చేరదీసి ఉంటుందని నాకనిపిస్తోంది. ఇది నా ఊహ, వేదపాఠం కాదు. మా మేనల్లుణ్ణి చూసుకున్న ఆవిడ పేరు మేము అడగనైనా లేదు. బావగారు చేతికొచ్చిన నోట్లు ఇవ్వబోతే తీసుకోలేదు. బిస్కెట్ ప్యాకెట్టు డబ్బులు మాత్రం తీసుకుంది. 28న తిరిగి వస్తూ ఆమె కోసం చీర, అరిసెలు పట్టుకొని ఆగాం. ఆ రోజు పనికి రాలేదన్నారు. ఇల్లెక్కడని అడిగితే అక్కడెవరికీ తెలియదు. చీర ఆ గల్లా దగ్గరే ఇచ్చి వచ్చాం. ఆమెకు చేరిందో లేదో. ప్రతి పూజలోనూ పేరు లేకుండానే ఆమెను తలచుకుంటున్నాను.

జపమాలలో దీన్ని అయిదవ సంతోష దేవరహస్యం అంటాం. దొరికినప్పటి సంతోషమే మనకు గుర్తు. దానికి ముందున్న మూడు రోజుల సంగతి మన నోట అంత తొందరగా గడిచిపోతుంది. మేము వెదికింది మూడు రోజులు కాదు, గంట కూడా కాదు. ఆ గంటకే మా చెల్లెలు మనిషి మారిపోయింది.

విజయవాడ చేరాక గుణదలలో ఆగాం. 1924లో అక్కడి పునీత జోజప్పగారి అనాథాశ్రమాన్ని చూసుకుంటున్న ఫాదర్ అర్లాటి గారు ఆ కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పారు. సరిగ్గా నూరేళ్ళు నిండిన సంవత్సరంలోనే మేము వెళ్ళామన్నమాట. ఫిబ్రవరి 11 ఉత్సవాల నాటి జనసందోహం లేదు, ప్రశాంతంగా ఉంది. చెల్లెలు పిల్లవాణ్ణి ఎత్తుకునే మెట్లెక్కింది. ఆరేళ్ళవాడు, బరువు. దించమంటే దించలేదు.

ఊరు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. నేను చేస్తానన్న పూజ విచారణ గురువులే ఆరింటికి చేసేశారు. నా కోసం ఏ పూజా ఆగలేదు, ఎవరికీ ఏ లోటూ జరగలేదు. ఆ పూజ కోసమే గదా నేను చేతులు చరిచింది!

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుండీ అక్కడే కూర్చుందని ఎదురింటి వాళ్ళు చెప్పారు. తోబితు గ్రంథంలో దూరదేశం వెళ్ళిన తోబియా కోసం తల్లి అన్నా ప్రతిరోజూ దారివంక చూస్తూ ఉండేదని చదువుతాం. అన్నం కూడా ముట్టేది కాదట. తోబియాకు తోడుగా రఫాయేలు సమ్మనసు వెళ్ళాడు, కుక్క కూడా వెళ్ళింది. తల్లికి మాత్రం తోడెవరూ లేరు, చూడటానికి దారి ఒక్కటే ఉంది.

అరిసెలు, చక్రాలు, కజ్జికాయలు అన్నీ చేసి పెట్టింది. పిల్లలు చుట్టూ మూగారు. వీడియో కాల్‌లో నాయనమ్మ అంటే సగం నుదురు, పైన తిరిగే ఫ్యాను. ఇప్పుడు మనిషి మొత్తం కనబడేసరికి పాప కాస్త సిగ్గుపడి, తరువాత ఒళ్ళోనుండి దిగలేదు. పిల్లలకు పెదనాన్న, మేనత్త, అమ్మమ్మ అన్న మాటలు పుస్తకంలో నేర్పితే రావు. వాంతులు చేసుకుంటూ, తగవులాడుకుంటూ, ఆరేడు గంటలు బండిలో కూర్చుని వస్తేనే వస్తాయి. ఆ శ్రమంతా దానికే. తల్లిదండ్రులకు ఇది గుర్తుంటే ఆ దారిలో కోపం కొంత తగ్గుతుంది.

భోజనాల దగ్గర అన్నం వడ్డిస్తూ అమ్మ ఎడమ చేత్తో గరిటె పట్టుకుంది. అమ్మది కుడిచేతి వాటం. చెల్లెలు కనిపెట్టింది. ఏమిటంటే ఏమీ లేదంది. మరునాడు ఉపదేశిగారు చెబితేగాని అసలు సంగతి బయటపడలేదు. ఆగస్టులో స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరిగిందట. ఉపదేశిగారూ, పక్కింటి వాళ్ళూ గుంటూరు తీసుకుపోయి కట్టు కట్టించారట. పిల్లలకు చెప్పవద్దని అమ్మ వాళ్ళ చేత ఒట్టు వేయించుకుందట. ఎముక సరిగా అతుక్కోలేదు.

ఆగస్టు నుండి డిసెంబరు దాకా. మా ముగ్గురిలో ఒక్కరం కూడా వెళ్ళలేదు. తమ్ముడు, చెల్లెలు వెళ్ళి వస్తోందనుకున్నాడు. చెల్లెలికి చంటిబిడ్డ. అన్నదమ్ములిద్దరిలో ఎవరో ఒకరు చూస్తున్నారనుకుంది. నేను? నేను దేవుని పనిలో ఉన్నవాణ్ణి గదా, అది వాళ్ళిద్దరి బాధ్యత అనుకున్నాను. అమ్మ ఏ బండిలోనూ లేదు. మేము ముగ్గురమూ ఇంకో బండిలో ఉందనుకున్నాం.

ఆ సాయంత్రం అరుగు మీద మా ముగ్గురి మధ్య మాటా మాటా పెరిగింది. అవన్నీ ఇక్కడ రాయను. చెల్లెలు అన్న ఒక్క మాట మాత్రం రాస్తాను. గురుపట్టాభిషేకం అయిన రోజు నుండి అది నన్ను ఫాదర్ గారూ అనే పిలుస్తుంది. అమ్మ కూడా అలాగే పిలుస్తుంది, మన కుటుంబాలలో అది వాడుక. ఆ సాయంత్రం అది నావైపు తిరిగి, "అన్నయ్యా, నువ్వు ఊరందరికీ ఫాదర్‌వి. అమ్మకు కొడుకువి కూడా కదా" అన్నది. అన్నయ్యా అని నన్ను పిలిచి ఎన్నేళ్ళయిందో! నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేదు.

ఆ రోజు 27, అపోస్తలుడైన పునీత యోహానుగారి పండుగ. సిలువ మీదనుండి ప్రభువు తన తల్లిని అప్పగించినది ఆయనకే. ఆ గడియనుండి ఆయన ఆమెను తన ఇంట ఉంచుకున్నాడని సువిశేషం చెబుతోంది. ఆ ఉదయం పూజ మా ఊరి గుడిలో నేనే చేశాను. అమ్మ మొదటి వరుసలో కూర్చుంది. దివ్యసత్ప్రసాదం అందుకోవడానికి చేయి చాపింది. ఆ చేయి ఎందుకు వంకరగా ఉందో పూజ చేస్తున్నప్పటికి నాకింకా తెలియదు. ఉపదేశిగారు పూజ అయిన తరువాత సంకీర్తన గదిలో తలుపు దగ్గరగా వేసి చెప్పారు.

ఇక బయలుదేరబోయే వారికి రెండు మూడు మాటలు. గురువుగా కాదు, దెబ్బ తిన్నవాడిగా చెబుతున్నాను. బండి ఎక్కే ముందు పిల్లలను కళ్ళతో కాదు, పేరు పెట్టి పిలిచి, పలికించి లెక్కపెట్టండి. ప్రతి పిల్లవాడికీ బాధ్యుడైన పెద్ద ఒకరుండాలి. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. మీ ఫోను నంబరు చీటీ మీద రాసి పిల్లల జేబులో పెట్టండి. తప్పిపోతే ఉన్నచోటనే ఉండాలనీ, ఎవరి బండీ ఎక్కకూడదనీ నేర్పండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది, గుర్తుంచుకోండి. ముందు సీట్లో తల్లి ఒళ్ళో బిడ్డను కూర్చోబెట్టుకొని వెళ్ళడం మనకు ముచ్చట. బండి హఠాత్తుగా ఆగితే తల్లి బరువంతా ఆ బిడ్డమీదే పడుతుంది. 14 ఏళ్ళలోపు పిల్లలకు సీటుబెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 194బి సెక్షను చెబుతోంది. జరిమానా భయంతో కాకపోయినా బిడ్డ మీద ప్రేమతో పాటించండి. 2007లో వలసదారుల కొరకైన పొంటిఫికల్ కౌన్సిలు వాహనాలు నడిపేవారికి పది ఆజ్ఞలు ప్రకటించినప్పుడు కొందరు నవ్వారు. అందులో మొదటిది హత్య చేయకూడదన్నదే. రోడ్డు మీద అది ఎంత దగ్గరి మాటో ఆ 30 కిలోమీటర్లలో నేను చూశాను. బండిని దీవించమని తెచ్చేవారు మన గుడి ముందు ఏటా ఎందరో. తీర్థం చల్లిన తరువాత కూడా బ్రేకు మీద కాలు మీదే.

పిల్లల విశ్వాసం సంగతి కూడా ఇలాగే నడుస్తోందని నాకు అనుమానం. ఇంట్లో వాళ్ళు సిస్టర్లు నేర్పుతారులే అనుకుంటారు. సిస్టర్లు ఇంట్లో నేర్పే ఉంటారనుకుంటారు. నేను నేర్పుతున్నాననుకుంటాను. భద్రమైన అభ్యంగనానికి పిల్లవాడు వచ్చి నిలబడితే పరలోక జపం సగంలో ఆగిపోతుంది. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

29 ఆదివారం నేను రాసి పెట్టుకున్న కాగితాలు తీయలేదు. జరిగింది జరిగినట్లు చెప్పాను. అప్పటినుండి నెలకొకరం వంతున అమ్మ దగ్గరకు వెళుతున్నాం. నా వంతు వచ్చినప్పుడు పూజలకు ఇంకొక గురువును బతిమాలుకుంటాను. విచారణ కూలిపోలేదు. అమ్మ మాత్రం హైదరాబాదు రానంటే రానంది, ఆ గొడవ తెగలేదు, తెగుతుందని కూడా నాకు నమ్మకం లేదు.

ఊరి నుండి బయలుదేరిన ఉదయం సంగతి చెప్పి ముగిస్తాను. తప్పిపోయి దొరికినందుకు మా మేనల్లుడికి ఒక ఉద్యోగం ఇచ్చాం, బండి కదిలే ముందు అందరినీ లెక్కపెట్టడం. ముందురోజు రెండు బండ్లలో అమ్మను కూడా తీసుకుని గుడికి వెళ్ళాం గనుక వాడి లెక్క పది. 28న పొద్దున సామానులన్నీ సర్దాం. అమ్మ గేటు దగ్గర నిలబడింది. వాడు రెండు బండ్ల మధ్య నిలబడి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. తొమ్మిది వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ తొమ్మిదే.

"ఒకరు తక్కువున్నారు. అమ్మమ్మ ఎక్కలేదు" అన్నాడు.

అమ్మమ్మ రావడం లేదురా అని వాళ్ళ నాన్న నచ్చజెప్పబోయాడు. వాడు బండి ముందుకు వెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. పది అయితే గాని కదలనివ్వనన్నాడు. ఎవరం ఏమీ అనలేకపోయాం. అమ్మ ఒక నిమిషం చూసి, ఇంట్లోకి వెళ్ళి చెప్పులు వేసుకొని వచ్చింది. తలుపు తీసుకుని వాడి పక్కన కూర్చుంది. గుడి మలుపు దాకా వచ్చి అక్కడ దిగింది.